నీళ్లు పోసి కడగగలిగే నేల

వీధిలో అందరూ ఆమెను ఎదురుగా పిన్నిగారూ అంటారు, వెనక ఫినాయిల్ అంటారు. రెండూ ఆమెకు తెలుసు. రెండింటికీ పలుకుతుంది.

ఆసుపత్రిలో నేలలు కడిగే పని ఆమెది. పెళ్లయిన కొత్తలో చేరింది, జుట్టు నెరిశాక మానింది. భర్త అదే ఆసుపత్రిలో లిఫ్టు నడిపేవాడు. ఆయన రోజంతా పైకీ కిందికీ, ఆమె రోజంతా ఈ చివర నుంచి ఆ చివరకు. ఇద్దరూ కలిసి ఒక పాత ఇల్లు కొని, దాని మీద ఒక అంతస్తు వేసుకున్నారు. పిల్లల్లేరు. భర్త పోయాక ఆమె పైన ఉండి కింది వాటా అద్దెకిచ్చింది.

కింద ఎవరూ నిలవలేదు. ప్రతి ఉదయం ఆమె బకెట్టూ చీపురూ పట్టుకుని దిగి, "కాస్త కాళ్లు పైకి పెట్టుకోండమ్మా" అంటూ వాళ్ల గదులు కడిగేది. వద్దంటే వినేది కాదు.

"నేల నాది. మీరు అద్దెకు తీసుకున్నది దాని మీదున్న గాలి" అనేది.

ఆ మాటకు మొదట నవ్వేవారు. తర్వాత సామాను సర్దుకునేవారు.

జంతువులున్నవాళ్లు మాత్రం ఉన్నారు. వాళ్లకు వేరే ఎవరూ ఇల్లివ్వరు. చిలకల పంజరంతో ఒక ముసలి జంట, పిల్లులతో ఒక టీచరమ్మ, కుంటి కుక్కతో ఒక దర్జీ. వెళ్లగొడితే దిక్కులేదు గనక ఆమె బకెట్టును భరించారు. ఆమెకు జంతువుల మీద ప్రేమేమీ లేదు. అవి ఉంటే కడగడానికి ఒక కారణం ఉంటుంది. అలా అది కుక్కలిల్లు అయింది.

కుక్కలిల్లులో ఏ నేలా ఎక్కువ కాలం ఉండదు. గోళ్లు గీస్తాయి. మూత్రం సందుల్లోకి దిగుతుంది. వాటా ఖాళీ అయినప్పుడల్లా ఆమె కొత్త నేల వేయించేది, పాతదాన్ని తవ్వించేది కాదు. తవ్వితే దుమ్ము. పైగా గట్టిగా ఉన్నదాన్ని పగలగొట్టడానికి ఆమెకు మనసొప్పేది కాదు. గచ్చు మీద నాపరాళ్లు, నాపరాళ్ల మీద మొజాయిక్, మొజాయిక్ మీద టైల్సు, టైల్సు మీద ప్లాస్టిక్ షీటు. ప్రతిసారీ వడ్రంగి వచ్చి తలుపులు అడుగున కోసి పోయేవాడు. గడపలు నేలలో మునిగిపోయాయి. కిటికీలు మోకాళ్ల దాకా దిగాయి. దర్జీ పొడుగరి, ఫ్యాను కింద తల వంచి నడిచేవాడు.

"మీ ఇల్లు పెరుగుతోంది పిన్నిగారూ, లోపలికి" అన్నాడొకసారి.

ప్లాస్టిక్ షీటు అడుగున తడి చేరి ఉబ్బి, వాటా ఖాళీగా వాసన కొడుతున్న రోజుల్లో వ్యాను నడిపే అమ్మాయి వచ్చింది. బడిపిల్లల వ్యాను. ఆమె తండ్రికి పక్షవాతం, ఎడమ పక్క పడిపోయింది. ఆయనకు తోడు ఒక ఆడకుక్క, దూడంత ఉంటుంది. బూడిద రంగు, పేరు కూడా బూడిదే. ఉన్న ఇల్లు ఖాళీ చేయమన్నారు. చూసిన ఇళ్లన్నీ కుక్క దగ్గర ఆగిపోయాయి.

"నాన్ననైనా ఒప్పుకుంటున్నారు పిన్నిగారూ, దీన్ని ఒప్పుకోవట్లేదు. ఇది పక్కన లేకపోతే ఆయన ముద్ద ముట్టరు."

"కరుస్తుందా?"

"అయ్యో, లేదండీ."

"కక్కుతుందా?"

అమ్మాయి కాసేపు ఆలోచించింది. "అప్పుడప్పుడు."

"అయితే రండి. నెలాఖరుకు నేల మార్పించి ఉంచుతాను. ఇంకెప్పుడూ మార్చక్కర్లేని నేల."

మేస్త్రీ పాతవాడే. అడుగునున్న గచ్చు తప్ప ఆ వాటాలో పొరలన్నీ అతని చేతివే. గోనెసంచిలో రకరకాల ముక్కలు తెచ్చి పెరట్లో వరసగా పరిచాడు. పిన్ని కుక్కను కూడా పిలిపించింది. తొక్కేది అదే కదా అంది.

నిగనిగలాడే టైలు మీద బూడిద వెనక కాళ్లు చెరో పక్కకు జారాయి.

"ఇది డాక్టర్ల గదుల్లో వేస్తారు. ఎవరైనా జారిపడితే బేరం వాళ్లకే" అంది పిన్ని, ముక్కను కాలితో పక్కకు నెట్టి.

చెక్కలా కనిపించే పలకను రాత్రంతా నీళ్లలో ఉంచింది. తెల్లారేసరికి అంచులు ఉబ్బాయి. పాలరాతి మీద నిమ్మకాయ పిండింది. మచ్చ పడింది.

"అక్కా, కుక్క నిమ్మకాయలు తింటుందా?" అన్నాడు మేస్త్రీ.

"కుక్క ఉచ్చ నిమ్మకాయకు అక్క. నువ్వు కడగలేదు, నీకేం తెలుసు?"

చివర మిగిలింది గ్రానైటు. బూడిద రంగు, గరుకు ముఖం, బొటనవేలంత మందం. కుక్క దాని మీదకెక్కి రెండు చుట్లు తిరిగి పడుకుంది. పిన్ని తాళంచెవితో గీసి చూసింది. రాయి మీద గీత పడలేదు, తాళంచెవి కొన మొద్దుబారింది.

"దీని మీద బకెట్టు బోర్లించి కడగొచ్చా?"

"ఏనుగును కడుక్కో. కానీ ఇది బరువక్కా. అడుగున అన్ని పొరలున్నాయి. ఇనుప జాలీ పరిచి, కాంక్రీటు పోసి, దాని మీద కూర్చోబెడతా. ఇక ఒక్క పగులు రాదు."

"పోసెయ్."

వెనక గది మూలన ఒక తూము ఉంది, కడిగిన నీళ్లు పోవడానికి. నేల పెరిగినప్పుడల్లా దానికొక గొట్టం ముక్క అతికించి పైకి తెచ్చేవారు. కాంక్రీటు పోసే ముందు మేస్త్రీ అందులో ఒక బకెట్టు నీళ్లు పోశాడు. ఒక్క గుక్కలో పోయాయి. గుడగుడమని శబ్దం కూడా లేదు.

"ఇవి ఎక్కడ తేలతాయక్కా?"

"పక్క సందులో. ఇంకెక్కడ?"

అతను బయటికి వెళ్లి సందులో గోడ వెంబడి వంగి చూసి వచ్చాడు.

"అక్కడ చుక్క లేదు. సందు కాలువ ఎత్తు పెంచినప్పుడు గొట్టం మూతికి సిమెంటు కొట్టేశారు. పాత సిమెంటు. నాచు కూడా ఎండిపోయింది."

"నీళ్లు పోతున్నాయా, లేదా?"

"పోతున్నాయి. ఎక్కడికో తెలియట్లేదు."

"ఆసుపత్రిలో నేను చూసిన తూములన్నీ ఎదురుతన్నేవే. ఇదొక్కటే ఏనాడూ ఎదురు చెప్పలేదు. దానికి వంక పెడతావా?"

"ఒకసారి తవ్వి చూద్దాం."

"నువ్వు వేసినవన్నీ నువ్వే తవ్వుతావా? ఆ పెద్దాయన్ని నెలాఖరుకు రోడ్డు మీద పడుకోబెట్టమంటావా?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. తన చేతి పనిని తానే పగలగొట్టుకోవడం అతనికీ ఇష్టం లేదు. తూముకు మరో గొట్టం ముక్క అతికించి కాంక్రీటు పోశాడు.

నేల కుదిరింది. వర్షం పడే ముందు ఆకాశంలా, ఒకే రంగు, ఒకే చదును. సందుల్లో పోసిన నల్లటి జిగురు రాయిలా గట్టిపడింది. వీధివాళ్లను పిలిచి చూపించింది పిన్ని. చెప్పులు బయటే విప్పించింది.

తండ్రీకూతుళ్లు వచ్చారు. పెద్దాయన మంచం వెనక గదిలో వేశారు, కిటికీ ఉందని. ఆయన ఒకప్పుడు సినిమా హాల్లో మిషన్ ఆపరేటరు. చిన్న చీకటి గదిలో మిషన్ చప్పుడు వింటూ కూర్చోవడమే ఆయన బతుకు. చప్పుడు మారితే రీలు తెగబోతుందని ముందే లేచేవాడు. ఇప్పుడు లేవలేడు. వింటూ పడుకుంటాడు.

రోజూ అమ్మాయి వ్యాను తీసుకుని వెళ్లాక పిన్ని దిగేది.

"వచ్చావా చెల్లెమ్మా? నిన్న కడిగిన చోట దుమ్ము పడి ఉంటుందని నిద్ర పట్టి ఉండదు" అనేవాడు పెద్దాయన.

"మీ కుక్కను లేపండి అన్నయ్యగారూ."

"నేనే లేవలేను, దాన్నేం లేపుతాను? దాని చుట్టూ కడుగు."

బూడిద తూము పక్కన పడుకునేది. ఇల్లంతటికీ అక్కడే చల్లన. మధ్యాహ్నం ఎండలో బయట గోడలు మండుతున్నా ఆ మూల రాయి మీద చెయ్యి పెడితే చలి ఎముకకు తగిలేది. గ్రానైటు గొప్పతనం అంది పిన్ని. ఇంకో బకెట్టు ఎక్కువ పోసింది. నీళ్లు మూలకు పరుగెత్తి దిగిపోయేవి.

మొదట పైన, ఆమె గదిలో బీరువా తలుపు దానంతటదే తెరుచుకోవడం మొదలుపెట్టింది. కాళ్ల కింద అట్టముక్క పెట్టింది. తర్వాత సందు వైపు గోడ మీద ఒక వెంట్రుక గీత, కిటికీ మూల నుంచి కిందికి. దాని మీద క్యాలెండరు తగిలించింది. కడిగిన తర్వాత కాసేపు తడిమట్టి వాసన వచ్చేది. బయట వాన లేదు. ఫినాయిలు రెండు మూతలు ఎక్కువ కలిపింది.

నేల మీద మాత్రం ఒక్క గీత లేదు. ప్రతి ఉదయం వంగి, కంటిని రాయికి దగ్గరగా పెట్టి వెలుతురులో చూసేది. ఒక్క పలక లేవలేదు, ఒక్కటి కుంగలేదు. నేల బాగుంటే ఇల్లు బాగున్నట్టే అనుకునేది.

గోడకూ నేలకూ మధ్య సందు పడింది. అగ్గిపుల్ల దూరేంత. తెల్ల సిమెంటు కలిపి వేలితో నింపింది. కొన్నాళ్లకు పెన్సిలు దూరేంత. మళ్లీ నింపింది. మంచం మీద నుంచి పెద్దాయన చూస్తున్నాడు.

"నువ్వు తినిపిస్తున్నావు, అది మింగుతోంది."

"కొత్త పని కదా అన్నయ్యగారూ. సర్దుకుంటుంది."

"ఏది సర్దుకుంటుంది, నేలా, గోడా?"

ఆమె లేచి చేయి కడుక్కుంది. ఆ సందు ఆ సాయంత్రం అమ్మాయికి కూడా కనబడింది.

"ఏదైనా ఉంటే బూడిదకు తెలియదా పిన్నిగారూ? కుక్కలు పసిగడతాయంటారు. ఇది చూడండి, అక్కడే బోర్లా పడుకుని గురక పెడుతోంది" అంది.

ముగ్గురూ కుక్క వైపు చూశారు. దాని పొట్ట నెమ్మదిగా లేచి పడుతోంది. అందరికీ కాస్త స్థిమితం కలిగింది.

ఒక ఉదయం పిన్ని కడగడం ముగించి చీపురు దులుపుతుంటే పెద్దాయన పిలిచాడు. ఎప్పుడూ ఉండే వెటకారం గొంతులో లేదు.

"చెల్లెమ్మా, ఇలా కూర్చో. నువ్వు పైకెళ్లిపోయాక ఈ నీళ్లు ఆగవు."

"తూములో కాస్త నిలిచి ఉంటాయిలెండి."

"పారే చప్పుడు కాదమ్మా. పడే చప్పుడు. పైనుంచి కిందికి పడి, కింద మళ్లీ నీళ్లలో పడే చప్పుడు. మొదట్లో నీళ్లకు తోడు కంకర రాలేది. ఇప్పుడు అదీ లేదు. ఒట్టి నీళ్లే. మధ్యాహ్నం దాకా పడుతూనే ఉంటాయి."

ఆమె చీపురు అలాగే పట్టుకుని ఉంది. "ఎన్నాళ్లుగా?"

"వచ్చిన కొత్త నుంచీ."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నువ్వు తవ్విస్తావు. తవ్విస్తే మమ్మల్ని ఖాళీ చేయమంటావు. దీన్ని పట్టుకుని నా పిల్ల మళ్లీ ఎన్ని గడపలు తొక్కాలి?" మంచి చేతిని కిందికి జార్చి కుక్క వీపు తడిమాడు. "నేను పోతే పోతాను అనుకున్నా. నిన్న మంచం కోడు కింద చప్పుడు మారింది. ఈ మంచం కింద ఇదీ పడుకుంటుంది, రాత్రి పిల్ల కూడా ఇక్కడే చాప వేసుకుంటోంది."

పిన్ని చీపురు కింద పెట్టింది. ఆయన ఇల్లు పోతుందని దాచాడు. తను నేల పోతుందని దాచింది. సిమెంటు నింపిన వేళ్ల వైపు చూసుకుంది.

కబురందుకుని మేస్త్రీ చీకటి పడబోతుండగా వచ్చాడు. అప్పటికి అమ్మాయి కూడా వ్యాను తెచ్చి గుమ్మంలో ఆపింది. మేస్త్రీ ట్యూబులైటు వేయించుకుని, సుత్తి తిరగేసి కర్రతో నేల మీద కొడుతూ వెళ్లాడు. ముందు గదిలో రాయి రాయిలాగే పలికింది. వెనక గది గుమ్మం దాటాక గొంతు మారింది. మంచం దగ్గర ఖాళీ డబ్బా మీద కొట్టినట్టుంది. అతను కొట్టడం ఆపేశాడు. ఒక ఇనుప తీగ తెచ్చి తూములోకి దించాడు. తీగ అంతా లోపలికి వెళ్లింది, చివర పట్టుకున్న అతని చెయ్యి తూము నోటికి ఆనింది. దేనికీ తగలలేదు.

అతను లేచి నిలబడలేదు. మోకాళ్ల మీదే వెనక్కి వెనక్కి జరిగి గుమ్మం బయటికి వచ్చాడు.

"అక్కా, నువ్వూ ఇటు వచ్చెయ్."

"ఏమైంది?"

"ఇది నేల కాదు. మూత."

అమ్మాయికి అర్థం కాలేదు. మేస్త్రీ గొంతు తగ్గించి చెప్పాడు. కింద గొట్టం ఎప్పుడో విరిగింది. ఇన్నేళ్లు కడిగిన నీళ్లు మట్టిని కొంచెం కొంచెంగా పట్టుకుపోయాయి, పాత కాలువలోకో ఇంకెక్కడికో. సందు గోడ పునాది కింద కూడా ఖాళీయే. గోడ బయటికి ఒరుగుతోంది. పైన ఉన్న గది కూడా ఆ గోడ మీదే ఉంది.

"మరి నేల పగలలేదేం? ఒక్క గీత లేదే!" పిన్ని గొంతు లేచింది.

"అదేనక్కా. పాత గచ్చయితే ఎప్పుడో కుంగి చెప్పేది. గుంట పడేది, మనం తిట్టుకుని బాగుచేసుకునేవాళ్లం. దీనికి ఇనుము వేసి, జిగురు పోసి నోరు కుట్టేశాం. ఇది చెప్పదు. పోయేటప్పుడు ఒక్కసారే పోతుంది."

"అయితే పగలగొట్టు. ఇప్పుడే పగలగొట్టు."

"ఈ పలకే ఇప్పుడు గోడను పట్టుకుని ఉన్నట్టుంది. దెబ్బ వేస్తే గోడ లోపలికొస్తుందో బయటికి పోతుందో నాకు తెలియదు. ముందు ఆయన్ని తీసెయ్యాలి. అందరం ఒకేసారి వెళ్లకూడదు. ఒక్కళ్లే వెళ్లాలి."

అమ్మాయి అడుగు వేసింది. పిన్ని ఆమె భుజం పట్టి వెనక్కి లాగింది.

"నువ్వు బరువు. నేను ఎండిపోయి ఉన్నాను" అంది.

చెప్పులు విప్పి, గోడ పక్కగా కాక మధ్యలోంచి నడిచింది. గది ఎప్పుడూ ఇంత వెడల్పుగా అనిపించలేదు. దుప్పటి మంచం పక్కన పరిచింది. ఆసుపత్రిలో ఆయాలు రోగుల్ని దొర్లించడం ఎన్నోసార్లు చూసింది. ఒక చెయ్యి నడుం కింద, ఒకటి భుజం కింద పెట్టి ఆయన్ని నెమ్మదిగా దుప్పటి మీదకు దించింది. ఆయన పళ్లు బిగబట్టాడు. దుప్పటి కొనకు మేస్త్రీ ఇచ్చిన తాడు కట్టి రెండో కొసను గుమ్మం వైపు విసిరింది. మేస్త్రీ, అమ్మాయి గుమ్మం బయట కూర్చుని లాగారు.

"చూశావా చెల్లెమ్మా," అన్నాడు పెద్దాయన పైకప్పును చూస్తూ, "బస్తాలా ఈడుస్తున్నా నీ నేల మీద ఒక్క గీత పడట్లేదు."

"మాట్లాడకండి అన్నయ్యగారూ."

"మాటకు బరువుంటుందా?"

దుప్పటి గరుకు రాయి మీద సరసరమని జారింది. ఆయన గుమ్మం దాటాక బూడిద కళ్లు తెరిచింది. మంచం ఖాళీగా ఉండడం చూసి లేచింది. ఒళ్లు విరుచుకుంది. తొందర లేకుండా గది మధ్యలోంచి నడిచింది. గోళ్లు టకటకమన్నాయి. సగం దాకా ఒక చప్పుడు, గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఇంకో చప్పుడు. అందరూ విన్నారు.

ఆఖరున పిన్ని వచ్చింది. గుమ్మంలో ఆగి వెనక్కి చూసింది. నేల అలాగే ఉంది. చదునుగా, శుభ్రంగా.

పెద్దాయన్ని వ్యానులో రెండు వరసల మధ్య పడుకోబెట్టారు. కుక్క ఆయన కాళ్ల దగ్గర ఇరుక్కుంది. మేస్త్రీ సందుకు రెండు వైపులా కుర్చీలూ బల్లా అడ్డం పెట్టి తాడు కట్టాడు. పక్కింటివాళ్లను పిలిచి బయటికి రప్పించాడు. పిన్ని మెట్ల వైపు నడిచింది.

"పైకి వద్దక్కా."

"నా బట్టలు."

"వద్దు."

ఆమె మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత తీసేసింది.

వ్యానును వీధి చివరకు తీసుకెళ్లి ఆపింది అమ్మాయి. చిన్నపిల్లల సీట్లు. పిన్ని మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

"రేపటి నుంచి ఇల్లు వెతకాలి" అంది అమ్మాయి.

"నన్నూ కలిపి అడుగు. ఎవరిస్తారో చూద్దాం" అంది పిన్ని.

"ఏమని అడగమంటారు?"

"ఉన్నది ఉన్నట్టే చెప్పు. నలుగురం. అందులో ఒకటి కుక్క."

పెద్దాయన కింద నుంచి ఏదో అన్నాడు. ఇంజను ఆగాక వేడి ఇనుము చిటపటమంటోంది. అందులో మాట వినబడలేదు.

వీధి చివరి నుంచి ఇల్లు కనిపిస్తోంది. పైన చీకటి. కింద వెనక గదిలో ట్యూబులైటు వెలుగుతోంది. మోకాలెత్తు కిటికీలోంచి ఆ వెలుతురు సందులో పడి ఎదుటి గోడ దాకా పాకింది. ఆర్పడం ఎవరికీ గుర్తులేదు. స్విచ్చి లోపల, సందు వైపు గోడకు ఉంది. వ్యాను పక్కన నిలబడ్డ మేస్త్రీ ఆ కిటికీ వైపు చూశాడు, పిన్ని వైపు చూశాడు.

"వెలగనీ" అంది ఆమె.